మూడాకులకు ముళ్ళకంచె

పేరంతిప్ప క్రాసు దగ్గర కానుగ చెట్టు కింద కుళ్ళాయమ్మ టీ అంగడి నడిచినన్నాళ్ళూ ఆ మొక్కకు పేరు లేదు. నేలను అంటుకుని పాకే తీగ. కణుపు కణుపుకూ వేళ్ళు. కాడకు మూడేసి ఆకులు, ఒక్కో ఆకు మీద సున్నంతో గీసినట్టు తెల్లటి నెలవంక. వానాకాలం చివర్లో గోలీకాయంత తెల్లటి పూగుత్తి వేసి, పూత ముదిరాక గులాబి రంగుకు తిరిగి తల వాల్చేసేది. కుళ్ళాయమ్మ లెక్కలో అది చెత్త. గ్లాసులు కడిగిన నీళ్ళు దాని మీదే పారబోసేది, చీపురుకు అడ్డమొస్తే దాని వంశాన్నంతా తిట్టేది.

గురువారం గురువారం అక్కడ మేకల సంత జరిగేది. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళ మేకలన్నీ ఆ కానుగ చెట్టు కిందే దిగేవి. అవి ఆ మొక్కను కొరికేవి, తొక్కేవి, మేకలు చేయదగిన మిగతా పనులన్నీ కూడా దాని మీదే చేసేవి. బేరగాళ్ళు టీ తాగి చివరి గుక్క అటే విసిరేవారు. ఇంత మర్యాద జరుగుతున్నా ఆ మొక్క ఏడాది పొడుగునా పచ్చగానే ఉండేది. దాని మేలు గురించి ఎవరూ ఆలోచించకపోవడం అది చేసుకున్న అదృష్టం.

ఆ అదృష్టానికి ఒక గురువారం నాడు గండి పడింది. పట్నంలో వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ హైమవతి గారు బస్సు తప్పిపోయి, టీ తాగుదామని అంగడి వైపు వస్తూ జారి బోర్లా పడ్డారు. పడ్డావిడ లేవలేదు. ముక్కుకు బెత్తెడు దూరంలో ఉన్న ఆకును చూస్తూ అట్లాగే ఉండిపోయారు.

కుళ్ళాయమ్మ గిన్నె వదిలేసి పరిగెత్తింది. "అమ్మా, లేయమ్మా! యాడన్నా దెబ్బ తగిలిందా?"

"కదలకండి! ఎవరూ కదలకండి! ఇది క్లోవర్!"

"అయ్యో తల్లీ, అవి మేకపెంటికలు. ముందు పైకి లెయ్."

క్లోవర్ అనేది చల్లటి దేశాల పచ్చిక బయళ్ళలో పెరిగే చిక్కుడు కుటుంబపు మొక్క అనీ, ఈ మండుటెండల సీమలో దాన్ని ఎవరూ కలలోనైనా ఊహించలేదనీ, అందులోనూ నెలవంక ఉన్న ఈ రకం ఇప్పటిదాకా ఏ పుస్తకానికీ ఎక్కలేదనీ హైమవతి గారు చీర దులుపుకోకుండానే వివరించారు. చుట్టూ చేరిన బేరగాళ్ళు శ్రద్ధగా విన్నారు. మేకల బేరంలో తల పండిన ఓబులేసు మాత్రం, "దీన్ని నా మేకలు వారం వారం తింటాండాయి కదమ్మా, వాటికేం కాదు కదా?" అని అడిగి ధైర్యం చెప్పించుకున్నాడు.

మొక్క ఫొటో పేపర్లో పడింది. ఆ ఫొటో మూలకు కుళ్ళాయమ్మ టీ అంగడి సగం పడింది. ఆమె ఆ ముక్క కత్తిరించి గుంజకు అంటించుకుంది, వచ్చిన ప్రతివాడికీ చూపించింది. జీవితంలో ఆమెకు జరిగిన గౌరవం అదొక్కటే. ఆ సంతోషం జీపు వచ్చేదాకా నిలిచింది.

జీపులో వచ్చింది అరుదైన మొక్కల ప్రాధికార సంస్థ సంచాలకులు విశ్వంభరరావు గారు. ఆయన దిగీ దిగగానే మొక్కకు నమస్కరించి, కానుగ చెట్టు కింద కుర్చీ వేయించుకుని, ఉపన్యాసం ధోరణిలో మొదలుపెట్టారు.

"ఈ తృణజాతి యావన్మానవాళికీ ఉమ్మడి వారసత్వ సంపద. దీనికి తక్షణమే సంపూర్ణ రక్షణ కల్పించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. డాక్టర్ గారూ, దీని నివాసం ఏమిటో సెలవివ్వండి."

"సంతే సార్ దీని నివాసం," అన్నారు హైమవతి గారు. "నీడ కానుగ చెట్టుది, తడి టీ అంగడిది. మేకలు మేయబట్టే దీన్ని మించి వేరే గడ్డి లేవడం లేదు. గిట్టలు తొక్కబట్టే కణుపులు మట్టిలోకి దిగి వేళ్ళు వేస్తున్నాయి. గింజ తోలు బాగా మందం, మేక కడుపులో పడి బయటికి వస్తే తప్ప మొలవదు."

సంచాలకులు చిరునవ్వు నవ్వారు. "మా నిబంధనల ప్రకారం నివాసాలు నాలుగే. అడవి, కొండ, గడ్డిభూమి, చిత్తడి నేల. మేకల సంత నివాసం కిందికి రాదు. ముప్పు కిందికి వస్తుంది."

"మరి టీ అంగడి?"

"అదీ ముప్పే. వ్యాపారాత్మకమైన ముప్పు."

ఆ మాట అంటూనే ఆయన ముప్పు చేతి టీ రెండు గుక్కలు తాగి, అల్లం బాగా పడిందని మెచ్చుకున్నారు.

ఉత్తర్వు తెచ్చింది మౌలాలి. అటవీ శాఖలో సెక్షన్ అధికారి, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పొద్దున టీ కుళ్ళాయమ్మ దగ్గరే తాగే మనిషి. పాపం, ఆ కాయితం పట్టుకుని రోడ్డవతల చాలాసేపు నిలబడి, చివరికి తల వంచుకుని వచ్చాడు.

"అక్కా, నన్నెంతన్నా తిట్టు. కాయితం మాత్రం చించొద్దు, నకలు లేదు."

"ఏముండాదో చెప్పు సారూ."

"సంతను పాత వేబ్రిడ్జి బయలుకు మార్చినారు. నువ్వు గూడా ఈడ ఉండకూడదంట."

కుళ్ళాయమ్మ మొదట నవ్వింది. తరవాత అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "గడ్డి కోసరం మనిషిని లేపుతారా సారూ? మొగుడు పోయినాంక ఈ పొయ్యే కదా నాకు కూడు పెడతాండేది. ఇది ఆరితే ఇంట్లో పొయ్యి గూడా ఆరిపోతాది. యాడికి పోవల్ల నేను?"

మౌలాలి కాయితాన్ని టీ గ్లాసు కింద పెట్టాడు. జవాబు ఉన్నవాళ్ళకు ఆమె ప్రశ్న వినిపించేది కాదు.

ఆ ప్రాంతంలో అంగడి మారితే పాత చోటి మన్ను నాలుగు గంపలు తీసుకుపోయి, ఆ మన్నుతో కొత్త చోట పొయ్యి అరుగు వేసుకోవడం ఆనవాయితీ. మన్ను వెంట గిరాకీ వస్తుందని నమ్మకం. ఉత్తర్వులో మాత్రం రక్షిత స్థలం నుంచి చిటికెడు మట్టి కూడా కదలరాదని రాసి ఉంది. ఓబులేసు గంపలు తెచ్చి కుళ్ళాయమ్మ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ మౌలాలి వైపు చూశారు. మౌలాలి కానుగ చెట్టు మీది పక్షిని చాలా శ్రద్ధగా చూస్తూ అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పూట చెట్టు మీద పక్షి లేదు. గంపలు నిండేదాకా అతను చూపు తిప్పలేదు.

పాత వేబ్రిడ్జి బయలు ఒట్టి గులకరాళ్ళ నేల. లారీలు తూచే కాలం ఎప్పుడో పోయింది, మిగిలింది తలుపుల్లేని గది ఒకటి. ఆ గది గోడ నీడన కుళ్ళాయమ్మ ప్లాస్టిక్ పట్ట కట్టుకుంది, పాత మన్నుతో అరుగు వేసుకుంది. గురువారం తప్ప మిగతా రోజుల్లో ఈగలు తోలుకోవడమే పని. బస్సు అక్కడ ఆగేది కాదు. ఆమె రోడ్డు పక్కన నిలబడి గ్లాసు ఎత్తి చూపించేది, డ్రైవరు చెయ్యూపి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు ఒక డ్రైవరుకు జాలో దాహమో పుట్టి బ్రేకు వేశాడు. అతన్ని చూసి ఇంకొకడు. ఆఖరికి టిక్కెట్లు కొట్టేవాళ్ళు కూడా 'వేబ్రిడ్జి' అని అరవడం మొదలుపెట్టారు. అట్లా కిందా మీదా పడి, ఆమె తన బతుకును మళ్ళీ నిలబెట్టుకుంది.

అక్కడ కానుగ చెట్టు కింద మొక్క బతుకు మాత్రం గొప్పగా వెలిగిపోతున్నది. చుట్టూ ముళ్ళకంచె వచ్చింది. కెమెరా వచ్చింది. మొక్కకు ఇబ్బంది కలగకుండా నిశ్శబ్దం పాటించవలసిందిగా బోర్డు వచ్చింది. వానలు కూడా పడ్డాయి. మేసే నోరూ తొక్కే కాలూ లేకపోవడంతో వయ్యారిభామ కలుపు మొక్కలు నిలువెత్తున లేచాయి. వాటి కింద మూడాకుల తీగ వెలుతురు లేక పసుపు పచ్చబడింది. పీకేద్దామంటే, రక్షిత ప్రాంతంలో గడ్డిపోచ పీకడం నేరం. ఆ నేరం జరగకుండా చూడటం మౌలాలి ఉద్యోగం. కాబట్టి అతను పగలంతా కంచె బయట నిలబడి, వయ్యారిభామను కాపాడుతూ ఉండేవాడు.

హైమవతి గారు పట్నం నుంచి పరిగెత్తుకొచ్చి సంచాలకుల బల్ల మీద గుద్దినంత పని చేశారు. "తొక్కకపోతే అది చచ్చిపోతుంది సార్! మేకల్ని వదలండి!"

"మేక ముప్పు," అన్నారు సంచాలకులు. "ముప్పును మేమే ఆహ్వానించడం ఎట్లా సాధ్యం? అయితే తొక్కిడి అవసరమన్న మీ శాస్త్రీయ అభిప్రాయాన్ని సంస్థ గౌరవిస్తుంది. తొక్కిడిని శాఖాపరంగా చేపడతాం."

దాని పేరు ప్రామాణిక పాదపీడన పథకం. ఆ పథకం సంగతులు మౌలాలి వేబ్రిడ్జి దగ్గరికి వచ్చి టీ తాగుతూ చెప్పేవాడు. ఇద్దరు ఉద్యోగులు ఒకరి నడుము ఒకరు పట్టుకుని నడిస్తే ఒక మేకతో సమానం. మేక బరువును మించిన సిబ్బంది మునివేళ్ళ మీద నడవాలి. శిక్షణ ఇవ్వడానికి ఓబులేసును నిపుణుడిగా పిలిపించారు. అతను చూపించడానికి ఒక మేకను కూడా తోలుకుపోయాడు. అది సంచాలకుల కోసం తెచ్చిన పూలగుత్తిని మొత్తం తినేసి, శిక్షణలో పాల్గొన్నవాళ్ళందరి కంటే ఎక్కువ నేర్చుకుని వచ్చింది.

"నువ్వెవరు సారూ అందులో?" అనడిగింది కుళ్ళాయమ్మ.

"ముందు కాళ్ళు," అన్నాడు మౌలాలి కొంచెం సిగ్గుగా. "వెనక కాళ్ళు మా గుమాస్తా. ఆయప్పకు మోకాళ్ళ నొప్పులు. మలుపు తిరిగేకాడ యనక్కి పడిపోతాడు."

"మరి మేక మాదిరి మేసేది?"

"దానికి వేరే సెక్షన్ ఉండాదక్కా. గోళ్ళు కత్తిరించే కత్తెర్లిచ్చినారు. ఆకు మీద పంటి గాటు పడినట్టు కత్తిరించల్లంట."

పక్కనే కూర్చున్న ఓబులేసు టీ గొంతుకు అడ్డం పడి దగ్గాడు. కానీ నవ్వుకునే తీరిక ఎక్కువసేపు దొరకలేదు. వెనక కాళ్ళ సిబ్బంది తమను ముందు కాళ్ళ సిబ్బందితో సమానంగా చూడాలని రెండు రోజులు తొక్కడం మానేశారు. ఆ తగువు తీరాక ఎరువు సమస్య వచ్చింది. మొక్కకు మేకపెంటికలు కావాలి, మేక మాత్రం రాకూడదు. అందుకని మేకతో ప్రత్యక్ష సంబంధం లేని మేకపెంటికలు సరఫరా చేయగలవారు ముందుకు రావాలని పేపర్లో ప్రకటన వేశారు. ముగ్గురు ముందుకు వచ్చారు కూడా.

ఆ తరవాత హైమవతి గారు, తడి కూడా కావాలి, అంగడి నీళ్ళు పడాలి అని గుర్తుచేశారు. ఆ కబురు మౌలాలి నోట వినగానే కుళ్ళాయమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. "అంగడి కావల్లన్నారా? అయితే నన్ను మళ్ళీ రమ్మంటారు కదా సారూ?" పెట్టెలోని మంచి చీర తీసి కట్టుకుని, బస్సెక్కి సంచాలకుల ఆఫీసుకు పోయింది.

సంచాలకులు ఆమెను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. "అమ్మా, మీ అంగడి పర్యావరణ ప్రాముఖ్యాన్ని సంస్థ ఆలస్యంగానైనా గుర్తించింది. అదే స్థలంలో, అదే కొలతలతో నమూనా టీ అంగడి నిర్మిస్తున్నాం."

"సంతోషం సామీ. రేపే వచ్చేస్తా."

"మీరు రాకూడదమ్మా. మీరు ముప్పు." ఆయన నిజంగానే బాధపడుతూ చెప్పారు. "అయితే నమూనా అంగడి నిర్వాహకురాలి ఉద్యోగానికి మీరు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉండాలి. టీ కాచడం రాకపోయినా పరవాలేదు. అక్కడ పొయ్యి వెలిగించడం నిషిద్ధం."

"పొయ్యి లేకుంటే టీ యాడిది సామీ? టీ లేకుంటే కడగను గ్లాసులేవి?"

"ఆ అంశాన్ని ఉపసంఘం పరిశీలిస్తున్నది."

కుళ్ళాయమ్మ ఆ సాయంత్రం ఇంటికొచ్చి మంచి చీర విప్పి మడత పెడుతూ ఏడ్చింది. కానుగ చెట్టు మీద ఆశ ఆమెకు ఆ రోజుతో పోయింది. ఇక వేబ్రిడ్జి గోడ నీడే తన చోటు, అది పోతే ఇంకోసారి లేచే ఓపిక తనకు లేదని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

నమూనా టీ అంగడి ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రిబ్బను కత్తిరించాక, అందరూ మొక్కను చూద్దామని కంచె లోపలికి వెళ్ళారు. మొక్క లేదు. ఎండిన తీగ పోగులు రెండు, చుట్టూ బూట్ల గుర్తులు. మూడు ఆకుల మీదా నెలవంకలు ఎప్పుడో అస్తమించాయి. అందరూ కాసేపు మౌనం పాటించారు. ఆ మౌనంలో హైమవతి గారి ఏడుపు ఒక్కటే వినబడింది. తరవాత సంచాలకులు కళ్ళు తుడుచుకుని కొత్త ఉత్తర్వు ప్రకటించారు. ఈ జాతి మరెక్కడైనా మిగిలి ఉందేమో గాలించాలి. ఎక్కడ కనబడితే అక్కడ క్షణం ఆలస్యం లేకుండా ఖాళీ చేయించి కంచె వేయాలి.

మంచి వాన కురిసి వెలిసిన బుధవారం నాడు కుళ్ళాయమ్మ గ్లాసులు కడిగి, నీళ్ళు పారబోయబోతూ ఆగిపోయింది. పొయ్యి అరుగు అంచున, కానుగ చెట్టు కింది మన్ను వాన నీటికి కరిగి జారిన చోట, మూడు ఆకులు. ఒక్కోదాని మీదా నెలవంక.

ఆమె బకెట్టు కింద పెట్టేసింది. "నన్నే వెతుక్కుంటా వచ్చినావా ముండా?" అని తిట్టి, లోపలికి పోయి కత్తి తెచ్చుకుని దాని పక్కన చతికిలబడింది. కత్తి మొన మట్టిలో దించేలోగా మౌలాలి బండి ఆగింది. అతను కత్తినీ చూశాడు, కత్తి కింద ఉన్నదాన్నీ చూశాడు.

"పీకొద్దక్కా! లోకంలో అదొక్కటే మిగిలిండాది!"

"అయితే నన్ను పీకతావా?" అన్నది కుళ్ళాయమ్మ. "చెప్పు సారూ. అది ఉంటే నేనుండను. నేనుండల్లంటే అది పోవల్ల. మీ ఆఫీసులో రెండూ ఉండే దావ ఏమన్నా రాసిండాదా?"

అంతలో రోడ్డు మీద జీపు శబ్దం వచ్చింది. గాలింపు బృందం. కుళ్ళాయమ్మ కత్తిని కొంగు కింద దాచింది. మౌలాలి జీపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తరవాత కుడి కాలు ఎత్తి, బూటును ఆ మూడాకుల మీద నిదానంగా ఆనించి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

సంచాలకులు దిగారు. వెనకాల హైమవతి గారు దిగారు. మనిషి సగమైపోయి ఉన్నారు.

"మౌలాలీ! ఈ ప్రాంతంలో ఏమైనా ఆనవాళ్ళు కనిపించాయా?"

"ఇది మేకల సంత సార్," అన్నాడు మౌలాలి కదలకుండా. "నివాసం కిందికి రాదు. ముప్పు కిందికి వస్తుంది."

సంచాలకుల మొహం వికసించింది. "శభాష్! నిబంధనలు ఇంత క్షుణ్ణంగా తెలిసిన సిబ్బంది ఉండటం సంస్థ అదృష్టం."

హైమవతి గారు మాత్రం మౌలాలి బూటు వైపు చూస్తున్నారు. బూటు అంచు కింద నుంచి ఒక ఆకు సగం బయటికి వచ్చి ఉంది. సగం నెలవంక. కుళ్ళాయమ్మ ఆమె నోటి వైపే చూసింది. ఆనాడు బురదలో పడుకుని ఊరంతా వినబడేట్టు అరిచిన మనిషి ఈమే. ఇప్పుడు ఒక్క కేక వేస్తే చాలు, పోయిందనుకున్న మొక్కా వస్తుంది, పేపర్లో ఫొటో కూడా వస్తుంది.

హైమవతి గారు కేక వేయలేదు. అరుగు వైపు ఒక అడుగు వేసి, "ఒక టీ ఇస్తావా కుళ్ళాయమ్మా?" అన్నారు.

టీ నిలబడే తాగారు. చివరి గుక్క మిగిల్చి, దాన్ని జాగ్రత్తగా మౌలాలి బూటు పక్కన వంపేశారు. "క్షమించాలి. చెయ్యి జారింది."

"పరవాలేదు మేడం," అన్నాడు మౌలాలి. "మళ్ళీ జారినా పరవాలేదు."

"వెళ్దామా డాక్టర్ గారూ?" అన్నారు సంచాలకులు తొందరపడుతూ. "ఎదురుగా ఉన్న ఆ తిప్ప శిఖరం మీద గాలిద్దాం. అక్కడికి మేకా రాదు, మనిషీ రాడు. ఉంటే అక్కడే ఉండి తీరాలి."

హైమవతి గారు జీపెక్కి కూర్చుని, తిప్ప దాకా మాత్రమే కాదు, కావాలంటే ఆ వెనక ఉన్న కొండల దాకా కూడా వెతుకుదామని అన్నారు.

జీపు కనుమరుగయ్యాక మౌలాలి కాలు తీశాడు. మొక్క తడి మట్టిలోకి బాగా దిగబడి, నేలకు అంటుకుపోయి ఉంది.

"సచ్చిందా సారూ?" అనడిగింది కుళ్ళాయమ్మ. అట్లా అడిగినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"సావదక్కా. దానికి ఇదే మందు."

కుళ్ళాయమ్మ కత్తి తీసుకుపోయి పట్ట కింద పెట్టి వచ్చింది. గ్లాసులు కడిగిన నీళ్ళు ఇంకా బకెట్లో అట్లాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఎక్కడ పోస్తున్నదీ చూసుకుని, వాటిని ఆ మూడాకుల మీదే పోసింది.

"రేపు బేస్తవారం," అన్నది. "మేకలొస్తాయి. నువ్వు గూడా రా సారూ. బూట్లేసుకోని రా."